చుక్కల గీత కూడా గీతే

ఆవిడ పోయిందన్న సంగతి నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. హైడెల్‌బర్గ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరం ఉన్న గ్రూపు అది. మామూలుగా అందులో ఫలానా ఇల్లు ఖాళీ అవుతోందనీ, గోంగూర ఏ కొట్లోకి వచ్చిందనీ, పాస్‌పోర్టు పనికి ఎవరికైనా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిందా అనీ మాటలు నడుస్తుంటాయి. ఆఫీసులో మధ్యాహ్నం భోజనానికి లేచి ఫోన్ చూస్తే ఆవిడ ఫోటో, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. డెగ్గెన్‌డార్ఫ్‌లో హాస్పిటల్లో నిన్న పొద్దున పోయారట, గుండె అట అని ఒకాయన రాశాడు. ఇక ఒక్కొక్కరే మొదలుపెట్టారు. గొప్ప దైవసేవకురాలిని కోల్పోయామని ఒకరు. పిల్లలకు హీబ్రూ నేర్పిన టీచరమ్మ అని ఒకరు. శిలాజాల మీద పరిశోధన చేసిన మన తెలుగు శాస్త్రవేత్త అని ఇంకొకరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ దైవసేవకురాలు కాదు, ఏ పిల్లలకూ హీబ్రూ నేర్పలేదు, శిలాజాలంటే ఆవిడకు చికాకు. బతికి ఉంటే ప్రతి మెసేజీ కిందా దిద్దుబాటు పెట్టేది. అది చదివి జనం విసుక్కునేవాళ్ళు. నేనే దిద్దుదామని రెండు వాక్యాలు రాశాను, మళ్ళీ కొట్టేశాను. ఆవిడ గురించి రెండు వాక్యాల్లో చెప్పబోతే నేను కూడా తప్పే చెప్తాను. అందుకని ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తున్నాను.

ఆవిడ జీవితమంతా అమ్మోనీయుల రాజుల మీద పని చేసింది. అమ్మోనీయులంటే ఇప్పటి జోర్డాన్ దేశంలో, అమ్మాన్ ఊరు ఉన్న చోట దాదాపు మూడు వేల ఏళ్ళ కిందట ఉన్న ఒక చిన్న రాజ్యపు మనుషులు. ఆ ఊరి పేరులో మాత్రమే వాళ్ళ పేరు మిగిలింది. చర్చికి వెళ్ళేవాళ్ళు వాళ్ళ పేరు విని ఉంటారు, అదీ శత్రువులుగా. వాళ్ళు తమ గురించి రాసుకున్నది దాదాపు ఏమీ దొరకలేదు. కొన్ని ముద్రలు, ఒక విరిగిన రాయి, పిడికిట్లో పట్టేంత కంచు సీసా, కొన్ని విగ్రహాలు. మిగిలిన రాజుల పేర్లన్నీ పక్క దేశం వాళ్ళు తిట్టిన తిట్లలోనూ, కప్పం పుచ్చుకున్న అష్షూరు చక్రవర్తుల రాతల్లోనూ దొరికినవే. అన్నీ కలిపినా పట్టుమని పది పన్నెండు పేర్లు. ఈ పది పన్నెండు పేర్ల కోసం ఒక మనిషి గుంటూరు నుంచి వచ్చి పాతికేళ్ళు జర్మనీలో ఉండిపోయిందంటే నా భర్తకు ఇప్పటికీ నమ్మకం కుదరదు.

మేము రోర్‌బాఖ్‌లో ఇల్లు తీసుకున్న రోజున ఆవిడను మొదటిసారి చూశాను. ఇక్కడ అద్దె ఇల్లంటే గోడలు మాత్రమే ఇస్తారు. వంటింట్లో గట్టు ఉండదు, గదుల్లో బల్బులుండవు. మాకు ఫర్నిచర్ రావడానికి ఇంకా వారం పడుతుందన్నారు. చంకలో ఏడాది నిండని పాప. ఏం చెయ్యాలో తోచక నేలమీద కూర్చుని ఉంటే తలుపు తట్టారు. తెరిస్తే ఒక పొడవాటి మనిషి, మెడ కాస్త ముందుకు వంచి నిలబడి ఉంది, తలుపు మీద అరిగిపోయిన అక్షరాలేవో చదవబోతున్నట్టు. ఒక చేతిలో మడతపెట్టిన పరుపు, ఇంకో చేతిలో మూతపెట్టిన గిన్నె.

“పడుకునేదానికి ఏమన్నా ఉందా మీకు?” అని అడిగింది, పేరైనా చెప్పకుండా. కింద అంతస్తులో ఉంటుందట, మెట్ల మీద మా తెలుగు వినపడిందట. పరుపు పరిచి, దాని అంచు బొటనవేలితో రుద్ది చూసి, “షోబీ కూడా ముందు పరుపులే తెచ్చాడు, తర్వాతే పప్పులు” అని చెప్పి దిగిపోయింది. గిన్నెలో దోసకాయ పప్పు.

షోబీ అంటే ఆవిడ భర్తో తమ్ముడో అనుకున్నాను. గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మర్యాద కోసం షోబీ గారు ఊళ్ళోనే ఉన్నారా అని అడిగాను. పోయాడన్నది. అయ్యో, ఎప్పుడు అన్నాను. ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించి, “తెలియదమ్మా, అదే నా బాధ” అన్నది. నేను ఇంకా జాలిపడ్డాను. ఆ జాలి చూశాక ఆవిడకు సంగతి అర్థమై, నన్ను కూర్చోబెట్టి కథ చెప్పింది.

నాహాషు అని అమ్మోనీయుల రాజు. పక్క ఊరిని ముట్టడించి, సంధి కావాలంటే ఊళ్ళో అందరూ కుడి కళ్ళు పీకించుకోవాలన్నాడట. అతను చచ్చిపోయాక కొడుకు హానూను రాజయ్యాడు. పక్క దేశపు రాజు దావీదు పరామర్శకు మనుషుల్ని పంపితే, వీళ్ళు వేగులవాళ్ళని అనుమానించి వాళ్ళ గడ్డాలు సగం గొరిగించి, బట్టలు నడుము దాకా కత్తిరించి తరిమేశాడు. దాంతో యుద్ధం వచ్చింది, హానూను ఊరు దావీదు చేతిలో పడింది. ఆ తర్వాత ఎప్పుడో దావీదు సొంత కొడుకే తిరగబడితే దావీదు ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోతున్నాడు. అప్పుడు ఆ ఊరి నుంచే నాహాషు కొడుకు షోబీ ఎదురు వచ్చి పరుపులూ గిన్నెలూ గోధుమలూ పప్పులూ తేనే పెరుగూ ఇచ్చాడు. తన ఊరిని పాడు చేసిన మనిషికి.

ఎందుకిచ్చాడు అని అడిగాను. ఎవరైనా అడుగుతారు. తెలియదన్నది. మరి హానూను అతనికి సొంత అన్నే కదా అన్నాను. అదీ తెలియదట. అదే నాహాషో, ఆ పేరున్న ఇంకొకరో చెప్పడానికి ఆధారం లేదట. నేను ఆ కథలోంచి ఏదో ఒక మంచి మాట వస్తుందని ఎదురు చూస్తున్నాను. ఆవిడ చెప్పడం ఆపేసి, బల్ల అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. కథ అంతే. మెట్లెక్కి ఇంటికి వస్తుంటే నన్ను ఎవరో సగం దారిలో దింపేసి వెళ్ళిపోయినట్టు అనిపించింది. తర్వాత పదేళ్ళు ఆవిడతో నాకు ఇదే పరిస్థితి.

‘తెలియదు’ అనే మాట ఆవిడ వాడినంతగా ఇంకెవరూ వాడగా నేను వినలేదు. మనం కూడా అంటాం, కానీ మనం అన్నప్పుడు దాని వెనకాల ఒక ‘బహుశా’ ఉంటుంది, ‘అయ్యుంటుందిలే’ ఉంటుంది. ఆవిడ ఆ మాట అన్న తర్వాత తలుపు వేసేసినట్టు ఉండేది. ట్రామ్ ఎప్పుడొస్తుందని అడిగితే బోర్డు మీద ఏమని ఉందో చెప్పేది, వస్తుందని మాత్రం అనేది కాదు. పక్కింటి జర్మన్ ముసలాయన రేపు వాన పడుతుందా అని పలకరింపుగా అంటే, ఆయనను మెట్ల దగ్గర నిలబెట్టి, తనకు తెలియదని చెప్పి, ఎందుకు తెలియదో కూడా చెప్పేది. ‘అందరికీ తెలిసిందే కదా’ అని ఎవరైనా మాట మొదలుపెడితే ఆవిడ ముఖం ముడుచుకునేది.

ఇంకో గొడవ ఆ శిలాజాలది. జర్మనీలో కొండల్లో రాళ్ళు పగలగొడితే చుట్టలు చుట్టుకున్న పాతకాలపు గవ్వలు దొరుకుతాయి. వాటిని అమ్మోనైట్లు అంటారు. జర్మన్ భాషలో ఆ గవ్వలకూ ఆవిడ మనుషులకూ చివరి అక్షరం ఒక్కటే తేడా. దాంతో ఆవిడ ఏం చదువుతుందో విన్న ప్రతివాళ్ళూ గవ్వల సంగతి ఎత్తేవాళ్ళు. పుట్టినరోజుకు గవ్వ తెచ్చేవాళ్ళు. క్రిస్మస్‌కు గవ్వ. వీసా ఆఫీసులో ఒకావిడ కంప్యూటర్లో ‘శిలాజ పరిశోధకురాలు’ అని ఎక్కిస్తే, దాన్ని సరిచేయించడానికి మళ్ళీ టెర్మిన్ కోసం నెలల తరబడి తిరిగింది. అలాగే ఉంచితే ఏం పోతుంది, పర్మిట్ వచ్చింది కదా అని నేనన్నాను. మర్నాడు మళ్ళీ ఆ ఆఫీసుకే బయల్దేరింది. వచ్చిన గవ్వలు మాత్రం ఒక్కటీ పారెయ్యలేదు. మనసుపడి ఇచ్చారు కదా అంటూ కిటికీ గట్టు మీద పేర్చి, వారానికొకసారి తడిగుడ్డతో తుడుస్తూ వాటిని చూసి విసుక్కునేది.

విమానాలు తిరగని కరోనా రోజుల్లో మా తమ్ముడు వరంగల్లో పోయాడు. నేను వెళ్ళే దారి లేదు. మా వాళ్ళు ఫోన్లోనే అన్నీ చూపించారు. గ్రూపులో వాళ్ళందరూ ఫోన్ చేసి ధైర్యం చెప్పారు. ఆవిడ మాస్కు పెట్టుకుని పైకి వచ్చింది. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక్క మాట లేదు. లేచి గిన్నెలు కడిగింది, పాపకు అన్నం పెట్టింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎవరైనా చెప్పే ఆ ఒక్క మాట ఆవిడ నోట కూడా వినాలని నాకు పిచ్చిగా అనిపించింది. నేనే అడిగాను, “మా తమ్ముడు ఇప్పుడు మంచి తావునే ఉన్నడు కదా అక్కా?”

“నాకు తెలియదమ్మా” అన్నది.

నా భర్త లోపలి గదిలోంచి అది విన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నాకైతే ఆ క్షణంలో ఆవిడను మెట్ల మీద నుంచి తోసెయ్యాలనిపించింది. ఆవిడ కదలకుండా కూర్చుని, “నీకు తెలిసింది చెప్పు. ఎట్టా నవ్వేవాడు?” అని అడిగింది. నేను చెప్పలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ అదే అడిగింది. మూడో రోజో నాలుగో రోజో చెప్పడం మొదలుపెట్టాను. మా తమ్ముడు నవ్వేటప్పుడు ముందు చేత్తో నోరు మూసుకుంటాడని, ముందుపళ్ళ మధ్య సందు ఉందని వాడికి సిగ్గని. ఆ మాటలు నేను ఇంకెవరితోనూ అనలేదు, ఎవరూ అడగలేదు కూడా. అయినా ఆవిడ ఆ మొదటి రోజు ఒక అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరికి నష్టం?

ఆవిడకు ఉద్యోగాలు అన్నీ రెండేళ్ళవీ మూడేళ్ళవీ. ఇక్కడి యూనివర్సిటీల్లో చాలామందికి అంతే. ఒక కాంట్రాక్టు అయిపోతుండగా ఇంకోదాని కోసం అప్లికేషన్లు పెట్టాలి. మధ్యలో స్కాలర్‌షిప్పుల మీద గడిపిన ఏళ్ళు పెన్షన్ లెక్కలోకి రావు కాబట్టి పర్మనెంట్ పర్మిట్ చేతికి రాలేదు. కాంట్రాక్టు ఉంటే ఈ దేశంలో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. యాభై దాటిన మనిషి అలా బతుకుతుంటే చూసేవాళ్ళకే భయం. ఆవిడ భయపడిందో లేదో చెప్పలేను.

అలాంటి సమయంలో ఒక మ్యూజియం వాళ్ళు పిలిచారు. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న ఊరు. జోర్డాన్ నది అవతలి పాత రాజ్యాల మీద పెద్ద ఎగ్జిబిషన్ పెడుతున్నారు. అందులో అమ్మోనీయుల గది మొత్తం ఆవిడది. పని బాగుంటే తర్వాత కూడా ఉంచుకుంటామన్నారు. ఆ ఏడాది ఆవిడను చూస్తే ముచ్చటేసేది. కొత్త షూస్ కొనుక్కుంది. కంచు సీసా నకలు ఒకటి తయారవుతోందని, దాని మీద రాత ఏ వెలుగులో బాగా కనిపిస్తుందో చూడాలని మా వంటింట్లో టార్చిలైటు వేసి నీళ్ళ సీసాను తిప్పి తిప్పి చూపించింది. ఆ రాతంటే ఆవిడకు ప్రాణం. అమ్మీనాదాబు అనే రాజు చేసిన పనులు అందులో ఉన్నాయి. ద్రాక్షతోట వేశాడు, ఉద్యానం పెంచాడు, నీళ్ళు నిలవచేసే తొట్టి కట్టాడు. అతను చాలాకాలం సంతోషంగా ఉండాలని చివర్లో కోరుకున్నారు. “యుద్ధం మాటే లేదు చూడు. వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పుకున్నది ఇదమ్మా” అని మురిసిపోయింది.

గొడవంతా ఆ గదిలోని పెద్ద గోడ గురించి వచ్చింది. గోడ మీద రాజుల పేర్లన్నీ వేసి, నాహాషు నుంచి చివరి రాజు బయలీసు దాకా ఒక బంగారు రంగు గీత గియ్యాలని డిజైనర్ ఆలోచన. ఆవిడ ఇచ్చిన కాగితంలో పేర్లున్నాయి కానీ గీత లేదు. ఒక్కచోట మాత్రమే ఉంది. సీసా మీద అమ్మీనాదాబు, అతని తండ్రి, ఆ తండ్రికి తండ్రి అని ముగ్గురి వరస స్పష్టంగా ఉంది కాబట్టి ఆ ముగ్గురినీ కలిపింది. మిగతాదంతా ఖాళీ. షోబీ ఎక్కడో ఒక పక్కన ఒంటరిగా ఉన్నాడు. ఒకచోటైతే రెండు పేర్ల మధ్య వందల ఏళ్ళ ఖాళీ.

చివరి మీటింగుకు నేనే కారులో తీసుకెళ్ళాను. ఆ రోజు రైళ్ళ సమ్మె. నన్ను కూడా లోపలికి రమ్మని కాఫీ ఇచ్చారు, బల్ల చివర కూర్చున్నాను. డైరెక్టరు మంచి మనిషే. పెద్ద వయసు, మెత్తటి మాట. గోడ ముందు జనం నిమిషం కూడా నిలబడరని, ఖాళీలు చూస్తే మేం పని చెయ్యలేదనుకుంటారని ఓపిగ్గా చెప్పింది. ఆ ఖాళీలు ఎక్కడున్నాయో తేల్చడానికే తనకు ఇన్నేళ్ళు పట్టిందన్నది ఆవిడ. డిజైనర్ కుర్రవాడు కాడు, అనుభవం ఉన్నవాడు, అతనూ తగ్గాడు. సరే, తెలియని చోట చుక్కల గీత వేద్దామన్నాడు. నాకు గుండె తేలికైంది. ఇక ఒప్పుకుంటుంది, పని అయిపోయింది, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

ఆవిడ ఆ నమూనా కాగితం దగ్గరికి లాక్కుని, నాహాషు పేరు నుంచి తర్వాతి పేరు దాకా బొటనవేలితో మెల్లగా రుద్దింది. “చుక్కల గీత కూడా గీతే” అన్నది జర్మన్‌లో. చుక్కలు చూసినవాళ్ళు మధ్యలో తండ్రీ కొడుకులు ఉన్నారనీ, పేర్లే దొరకలేదనీ అనుకుంటారట. అక్కడ ఒకే వంశం ఉందో, మూడు వంశాలు మారాయో, కొంతకాలం రాజే లేడో ఎవరికీ తెలియదట. తన పేరు కింద ఆ గోడ ఉండడానికి వీల్లేదని చెప్పింది. కోపంగా కాదు. కాఫీలో పంచదార వద్దన్నట్టే చెప్పింది.

డైరెక్టరు ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, అయితే మీ పేరు తీసేస్తామన్నది. తీసెయ్యమన్నది ఆవిడ. అంతే. అలాంటి మీటింగులో అరుపులేమీ ఉండవు. అందరూ చేతులు కలిపి, థాంక్స్ చెప్పుకుని లేచాం.

వచ్చేటప్పుడు కారులో నేను ఊరుకోలేకపోయాను. “గోడ మీద గీత అక్కా అది. ఒట్టి గీత. దానికోసం పర్మిట్ పోగొట్టుకుంటరా ఎవరన్నా? నాహాషు లేచొచ్చి అడుగుతడా?” అన్నాను. ఆవిడ సీటు బెల్టు సర్దుకుని, “రోడ్డు చూడమ్మా” అన్నది. నేను ఇంకా చాలా అన్నాను. ఊరు వచ్చేదాకా అంటూనే ఉన్నాను. ఆవిడ పొలాలు చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు, పొద్దుననగా బయల్దేరావు, పాప ఎదురు చూస్తుంటుంది, వెళ్ళు అన్నది.

కాంట్రాక్టు పొడిగించలేదు. నేను ఊరుకోకుండా వాల్డార్ఫ్ దగ్గర ఒక చిన్న కంపెనీలో మాట్లాడాను. అనువాదాలు సరిచూసే పని. అక్కడి మేనేజర్ నాకు బాగా తెలిసినవాడు, ఇంటర్వ్యూ నామమాత్రమేనన్నాడు. వెళ్ళేముందు ఆవిడను కూర్చోబెట్టి చెప్పాను. ఏం అడిగినా నమ్మకంగా జవాబు చెప్పాలి, అది వాళ్ళ పద్ధతి, అందులో అబద్ధమేమీ లేదు అని. తల ఊపింది. సాయంత్రం ఆ మేనేజర్ ఫోన్ చేశాడు. చాలా తెలివైన మనిషని మెచ్చుకున్నాడు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందంటే చూడకుండా చెప్పలేనన్నదట. ఐదేళ్ళ తర్వాత ఎక్కడ ఉంటారని అడిగితే తెలియదన్నదట. అందరూ అడిగే మామూలు ప్రశ్నే కదా, ఏదో ఒకటి చెప్పొచ్చు కదా అని అతను వాపోయాడు. కిందికి వెళ్ళి ఆవిడ తలుపు కొట్టి పోట్లాడాను. ఆవిడ వంకాయలు తరుగుతోంది. నేను అరవడం అయిపోయాక, తిని వెళ్ళమన్నది. తిన్నాను.

చివరికి డెగ్గెన్‌డార్ఫ్‌లో పని దొరికింది. అక్కడి కాలేజీకి ఇండియా నుంచి చాలామంది పిల్లలు వస్తారు. వాళ్ళకు జర్మన్ నేర్పే స్కూలు ఒకటి ఆవిడను తీసుకుంది, పర్మిట్ నిలబడింది. సామాను వ్యాన్‌లో పెట్టి నా భర్తే తోలుకెళ్ళాడు. గవ్వల పెట్టె మొయ్యలేక మోస్తూ, ఇవి కూడానా అని గొణిగాడు. ఇన్నేళ్ళు అక్షరాల మీద పనిచేసిన మనిషి, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు బస్సు టికెట్టు ఎలా అడగాలో నేర్పడానికి వెళ్తోందని నాకు కడుపు మండింది. నెల తర్వాత ఫోన్ చేస్తే గొంతు ఎంతో హుషారుగా ఉంది. “ఇక్కడ అన్నీ జవాబులున్న ప్రశ్నలేనమ్మా, హాయిగా ఉంది” అన్నది. ఆవిడ కోసం నేను మోస్తున్న కోపం నా దగ్గరే మిగిలిపోయింది.

ఎగ్జిబిషన్ తెరిచాక పాప క్లాసును అక్కడికి తీసుకెళ్ళారు. తోడు వచ్చే తల్లుల్లో నేనూ ఒకదాన్ని. అమ్మోనీయుల గది చీకటిగా, అందంగా ఉంది. గోడ మీద నాహాషు నుంచి బయలీసు దాకా బంగారు గీత వెలుగుతోంది. మధ్యలో చుక్కలు కూడా లేవు. షోబీ హానూను పక్కనే, తమ్ముడి చోట కుదురుగా కూర్చున్నాడు. పిల్లలు చకచకా ఫోటోలు తీసుకున్నారు. టీచరు ఆ గోడను చాలా మెచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆవిడ పదేళ్ళు చెప్పినా నాకు గుర్తుండని వరస ఆ గోడ ముందు అర నిమిషంలో అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పేరు ఎక్కడా లేదు.

వారం తర్వాత పాప బల్ల దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంది. ముందు స్కూలు నుంచి ఇచ్చిన కాగితం. గోడ మీది పట్టిక ప్రకారం రాజుల పేర్లను వరసగా గీతతో కలపమని ప్రశ్న. “దస్ ష్టిమ్ట్ నిష్ట్, అమ్మా” అన్నది, అది నిజం కాదని. కింది అంతస్తు పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని ఈ రాజుల పేర్లతోనే అన్నం తిన్న పిల్ల. గీత గియ్యనంటే గియ్యనని పెన్సిలు పక్కన పెట్టేసింది. దీనికి మార్కులున్నాయి, గీసెయ్యి అన్నాను. వినలేదు. ఒక పక్క విసుగు, ఇంకో పక్క ఎక్కడో గర్వం. ఆవిడకు చెప్తే ఎంత సంతోషిస్తుందో అని అప్పటికప్పుడు డెగ్గెన్‌డార్ఫ్‌కు ఫోన్ చేశాను.

ఆవిడ అంతా విన్నది. సంతోషించిన జాడేమీ లేదు. ప్రశ్న ఉన్నదున్నట్టు చదవమన్నది. చదివాను. ఇంకోసారి చదవమన్నది. చదివాను.

“గోడ ప్రకారం అని ఉంది కదా. గోడ మీద గీత ఉంది కదా. గియ్యమను పిల్లని” అన్నది.

నాకు కోపం వచ్చింది. అన్నేళ్ళ కోపం ఒక్కసారే వచ్చింది. “ఇంత సులువు దారి ఉంటే మీకు అప్పుడెందుకు తట్టలేదక్కా? మీరూ అట్లనే ఏదో ఒక మాట రాసి గీత గియ్యనిస్తే ఇయ్యాల ఇక్కడనే ఉండేటోళ్ళు” అన్నాను.

అవతల క్లాసు గదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

“అప్పుడు అడిగింది నన్ను కదమ్మా. గోడని కాదు” అన్నది.

తర్వాత, ఫోన్ పాపకు ఇవ్వమన్నది. ఇచ్చాను. ఇద్దరూ జర్మన్‌లో చాలాసేపు మాట్లాడుకున్నారు. పాప మధ్యలో రెండుసార్లు పకపకా నవ్వింది. ఫోన్ పెట్టేసి స్కేలు తీసుకుంది, నాలుక కొస పంటికింద పెట్టుకుని, నాహాషు దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా గియ్యడం మొదలుపెట్టింది. నేను అది చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.